శిల్పి గెలాక్సీకి సిరిసిల్ల మీదుగా

గెలాక్సీ చూడాలంటే ఏ బస్సెక్కాలని ఎవరైనా అడిగితే, హైదరాబాదు జూబ్లీ బస్టాండులో సిరిసిల్ల బస్సెక్కమని చెప్తాను. నేను అలాగే వెళ్ళాను, ఏడేళ్ళ కూతురిని కిటికీ పక్కన కూర్చోబెట్టుకుని. సంచిలో రెండు జతల బట్టలు, జ్వరం మందు, థర్మామీటరు, రెండు టార్చిలైట్లు, వాటికి అదనంగా బ్యాటరీలు. కార్తీక మాసం చివర, అమావాస్య రేపనగా బయలుదేరాం.

టార్చిలైట్లు రెండెందుకో చెప్పాలి. మా సహస్రకు మూడేళ్ళప్పుడు ఒక రాత్రి జ్వరంతో ఫిట్స్ వచ్చాయి. గదిలో చీకటి. మంచం కదులుతున్న చప్పుడుకే నాకు మెలకువ వచ్చింది. జ్వరంలో చిన్నపిల్లలకు అలా రావడం మామూలేనని, పెరిగేకొద్దీ పోతుందని డాక్టరు ధైర్యం చెప్పాడు. మళ్ళీ రాలేదు కూడా. కానీ ఆనాటి నుంచి మా పడకగదిలో ట్యూబులైటు ఆరలేదు. మా ఆయన కళ్ళకు తువ్వాలు కట్టుకుని పడుకోవడం అలవాటు చేసుకున్నాడు. నేను మధ్యమధ్య లేచి దాని ముఖం చూస్తాను. ఊపిరి ఆడుతోందని తెలిసినా ఇంకోసారి చూస్తాను.

ఈ మధ్య దాని బడిలో ఒక సాయంత్రం మేడమీద దీపాలన్నీ ఆర్పి పిల్లలకు ఆకాశం చూపిస్తామన్నారు. సహస్ర రానని చెప్పిందట. ఎందుకని టీచరు అడిగితే, "చీకట్లో నాకు ఏదో అవుతుంది. మా అమ్మకు తెలుసు" అందట. ఆ మాట నేను ఎప్పుడూ దానితో అనలేదు. వెలుగుతున్న ట్యూబులైటే రోజూ చెబుతూ వచ్చిందన్నమాట.

ఫోనులో ఈ సంగతి రజితకు చెప్పాను. ఎమ్మెస్సీలో నా పక్క బెంచీ. సిరిసిల్లలో నేతపనివాళ్ళ ఇంట్లో పుట్టి, ఇప్పుడు కోనరావుపేట మండలంలో సర్కారు బడిలో సైన్సు చెబుతోంది. సొంత డబ్బుతో టెలిస్కోపు కొనుక్కుంది.

"బడోళ్ళ సంగతి తర్వాత. ముందుగాల మా దిక్కు తోల్కరా. గెలాక్సీ జూపిస్త" అంది.

"చీకట్లోనా?"

"చీకటి లేకుంట గెలాక్సీ ఎట్ల కనవడతదే? నువ్వు గూడ ఎమ్మెస్సీ చదివినవా, లేకపోతె నా పక్కన కూసోని నిద్రవోయినవా?"

సిరిసిల్ల

బస్టాండుకు రజిత ఎదురొచ్చింది. ఆటో ఆమె పుట్టింటి సందులోకి తిరగ్గానే మా మాటలు మాకు వినిపించడం మానేశాయి. సందు పొడవునా మరమగ్గాలు. వాటిని ఇక్కడ సాంచాలంటారు. ఆ చప్పుడు చెవుల్లోంచి కాదు, అరికాళ్ళలోంచి ఎక్కుతుంది. సహస్ర రెండు చెవులూ మూసుకుని నవ్వింది.

నేను పుట్టింది తెనాలి దగ్గర. మా వైపు ఇంట్లో పసిబిడ్డ పడుకుంటే గిన్నె మీద మూత కూడా గట్టిగా పెట్టనివ్వరు. ఇక్కడ సాంచాలు ఆడుతున్న షెడ్డులోనే ఒక మూల, చీరతో కట్టిన తొట్టెలలో, రజిత మేనకోడలు హాయిగా నిద్రపోతోంది. ఇంకా ఏడాది నిండని పిల్ల. రజిత వదిన లత ఆ తొట్టెలకు వీపు పెట్టి కూర్చుని కండెలు చుడుతోంది. కండె అంటే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న కడ్డీ. దారం చుట్టేకొద్దీ నడుమ లావెక్కి కొసలు సన్నగా ఉంటాయి.

"ఈ చప్పుడుకి పాప లేవదా?" అని అరిచాను. అరిస్తేగాని వినపడదు.

"సప్పుడుకు లేవదక్కా, సప్పుడు బందయితె లేస్తది! కరెంటు పోయిందనుకో, గీ వాడకట్టుల పిల్లలందరు ఒక్కపారే ఏడుపు ఎత్తుకుంటరు" అని లత కూడా అరిచింది.

"మరి అటు తిరిగి కూర్చున్నారు. పాపను చూసుకునేదెలా?"

లత తల తిప్పకుండానే కుడికాలు కొంచెం ఎత్తి చూపించింది. బొటనవేలికి పాత చీర పీలిక కట్టి ఉంది. అది నేలమీద నుంచి వెనక్కి పోయి తొట్టెలకు ముడిపడింది. చేతులు దారం పనిలో ఉన్నాయి, కాలు తొట్టెల ఊపుతోంది.

"పోరి మెసిలితె నా ఏలుకు తెలుస్తది. అస్తమానం దాని మొఖమే సూస్కుంట కూసుంటె కండెలెవలు సుట్టాలె?"

ఆ మాట నన్ను ఉద్దేశించి అన్నది కాదు. అయినా నేను సహస్ర ఎక్కడుందోనని అటు చూడబోయి ఆగాను. చూడకుండా ఉండడానికి పది అంకెలు లెక్కపెట్టుకుందామనుకుని, నాలుగు దగ్గరే తిరిగి చూశాను. అది గుమ్మం దగ్గర కూర్చుని రంగు దారం ముక్కలు ఏరుకుంటోంది.

అన్నంలోకి పప్పు, పచ్చిపులుసు, పక్కన గిన్నెకు ఒత్తి కాల్చిన సర్వపిండి. పచ్చిపులుసు మేమూ చేస్తాం, బెల్లం ముక్క వేసి. ఇక్కడ నువ్వుల పొడి వేశారు. సహస్ర రెండోసారి పోయించుకుంది. ఇంట్లో చారుకే ఏడ్చే పిల్ల.

తిన్నాక రజిత ఫోనులో మేం చూడబోయే దాని ఫోటో తెరిచి చూపించింది. దక్షిణాకాశంలో శిల్పి అనే నక్షత్రరాశి ఉంది. ఈ గెలాక్సీ అందులోది కాబట్టి దానికీ ఆ పేరే. సుడి తిరిగిన గెలాక్సీ. నడుమ నక్షత్రాలు కడ్డీలా బారు తీరి ఉంటాయి. ఆ కడ్డీ రెండు కొసల నుంచి చేతులు చుట్టుకుంటూ పోతాయి. మనకు ఏటవాలుగా కనిపిస్తుంది కాబట్టి సన్నగా, పొడుగ్గా ఉంటుంది.

లత కొంగుతో చేయి తుడుచుకుని ఫోను దగ్గరికి లాక్కుంది. "గిదేంది, కండె లెక్కనే ఉన్నది!"

"గా కడ్డీ పొంటి వాయువంత నడుమకు జారుతదట వదినా. అందుకే నడుమల కొత్త నక్షత్రాలు మస్తుగ పుడుతయి. మన పాలపుంతల కన్న మస్తు జోరు."

లత ఫోటో వైపు ఇంకోసారి చూసింది. "మరి గన్ని పిల్లల్ని ఎవలు సూస్కుంటరు?"

అందరం నవ్వాం. నేను అందరితోపాటే నవ్వాను గాని, నిజానికి నాకు వచ్చిన మొదటి ఆలోచన కూడా అదే.

బయలుదేరేటప్పుడు లత నల్లటి లంగా గుడ్డ ఒకటి మడతపెట్టి ఇచ్చింది. నేతలో గీతలు పడి అమ్మకానికి పోని ముక్క. టెలిస్కోపులో చూసేటప్పుడు చుట్టుపక్కల వెలుగు కంట్లో పడకుండా తలమీద ముసుగేసుకోవడానికి రజిత అడిగింది. దానిమీద నేను అడక్కుండానే ఒక పాత చీర పీలిక కూడా పెట్టింది.

"తాడుకు తాడు, దేనికన్న అక్కరకస్తది" అంది.

కోనరావుపేట

మొదటి సాయంత్రం మబ్బు. రజిత అద్దె ఇంటి మేడమీద టెలిస్కోపును నిలబెట్టి మరీ ఎదురుచూశాం. అది చూడ్డానికి పెద్ద బోరు గొట్టంలా ఉంటుంది, అడుగున చెక్కపీట. ఒక్క నక్షత్రం అలా కనిపించి మళ్ళీ మూసుకుపోయింది. కింద వీధిలో ఒకాయన ట్రాక్టరు ఆపి, "టీచరమ్మా, నీళ్ళు పడ్డయా?" అని అడిగి నవ్వుకుంటూ వెళ్ళాడు. ఆయన రోజూ అదే అడుగుతాడట.

జొన్నరొట్టెలు తింటుండగా కరెంటు పోయింది.

సహస్ర అరుపు నేను ఇక్కడ రాయలేను. చేతిలో రొట్టె ముక్క వదిలేసి, గోడకు వీపు ఆనించి, "అమ్మా అమ్మా అమ్మా" అని ఒకే ఊపిరిలో. నేను టార్చి కోసం సంచిలో చేయి పెట్టి, మందు సీసా పడగొట్టి, లైటు వెలిగించి నేరుగా దాని ముఖం మీద వేశాను. ఆ వెలుగుకు అది మరింత బెదిరింది. రజిత నా చేతిలోంచి టార్చి తీసుకుని నేల వైపు తిప్పింది. ఆమె చూపు పిల్లమీద కాదు, నామీద ఉంది.

కొంచెంసేపటికి కరెంటు వచ్చింది. రజిత సహస్రను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"ఆంటీ, రేపు కూడా చీకటేనా?"

"ఆంటీ ఏంది, నేనేమన్న పట్నపుదాన్నా? చిన్నమ్మ అను. నీకొక ముచ్చట చెప్పనా? నక్షత్రాలు ఏడ పుడుతయో ఎరుకేనా?"

"ఆకాశంలో."

"ఆకాశంల అంటె, దుమ్ము మబ్బుల నడుమల. లోపల మస్తు చీకటి. పుట్టేటప్పుడు మన కండ్లకు కనవడయ్. ఎలిగినంక గా దుమ్మును అవే జరుపుకుంట బయటికస్తయ్."

సహస్ర ఆలోచించింది. "మరి వాళ్ళమ్మ?"

రజిత నా వైపు చూసి, "గది నాకు తెల్వదు" అంది.

కోరుట్ల

పొద్దున ఆకాశం కడిగినట్టుంది. టెలిస్కోపును పాత దుప్పట్లో చుట్టి ఆటోలో వేసుకున్నాం. వేములవాడ దాటాక రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు. ఆటోవాలా మిగిలిన సగం రోడ్డులో బస్సులతో బేరమాడుతూ నడిపాడు. రజిత అత్తగారి ఊరు కథలాపూర్ దగ్గర. గొట్టాన్ని అక్కడ దించి, కోరుట్లకు సామాన్ల కోసం వెళ్ళాం.

కోరుట్ల బజారులో విమానం టిక్కెట్ల దుకాణాలు, డబ్బు మార్చే దుకాణాలు, పెద్ద పెద్ద సూటుకేసులు గొలుసుతో కట్టేసిన దుకాణాలు. మా తెనాలి బజారులో సూటుకేసు కొంటే పెళ్ళికనుకుంటారు. ఇక్కడ దుబాయికో మస్కటుకో అనుకుంటారు. టీ పది రూపాయలు, హైదరాబాదులో మా సందు చివర ఇచ్చే దానికంటే పెద్ద గ్లాసు.

మాకు ఎర్ర సెలోఫేన్ కాగితం కావాలి. చీకటికి అలవాటైన కళ్ళను తెల్ల వెలుగు చెడగొడుతుంది, ఎర్ర వెలుగు అంతగా చెడగొట్టదు. నా టార్చిలకు ఆ కాగితం చుట్టాలని రజిత పట్టు. పెళ్ళి అలంకరణ సామాన్లు అమ్మే దుకాణంలో దొరికింది. అమ్మే ఆయన యాభై దాటినవాడు, చెవి పక్కన పెన్సిలు.

"ఎందుకమ్మా, బర్త్‌డేనా?"

"కాదన్నా, సుక్కలు సూసెటందుకు" అంది రజిత.

ఆయన కాగితం కత్తిరించడం ఆపాడు. "సుక్కలంటే మస్కటు దిక్కు సూడాలె. నేను పన్నెండేండ్లు ఎడారిల నీళ్ళ ట్యాంకరు నడిపిన. ఇసుకల బండి ఆపితె, ఆకాశం మొత్తం ఉప్పు సల్లినట్టుంటుండె."

"రోజూ చూసేవారా?" అని అడిగాను.

"ఎక్కడ మేడం. పైకి సూస్తె ఇల్లు యాదికస్తుండె. బండి కిందికి తల వెట్టి పండుకుంటుంటిమి." నవ్వి, కాగితం చుట్టి, పక్కనున్న సహస్ర చేతిలో పెట్టాడు. "నువ్వు మంచిగ సూడు బిడ్డా. నా వంతు గూడ సూడు."

సహస్ర తలూపింది గాని, దుకాణం బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని, "ఆయన వంతు కూడానా? రెండుసార్లు చీకట్లో ఉండాలా?" అని అడిగింది.

కథలాపూర్ దగ్గర

రజిత అత్తమ్మ మమ్మల్ని మొక్కజొన్నతో చేసిన మక్క గారెలతో పలకరించింది. ఇంట్లో రెండు మేకపిల్లలున్నాయి. తెల్ల మచ్చ ఉన్న పిల్లతో సహస్రకు స్నేహం కుదిరింది. మధ్యాహ్నమంతా దాని వెనకే తిరిగింది.

ఇంటి వెనక కల్లం. కొత్తగా కోసిన వడ్లు కుప్పలుగా పోసి, కొన్ని టార్పాలిన్ పరదాల మీద పరిచి ఉన్నాయి. దక్షిణం వైపు చెట్టూ పుట్టా లేని పొలాలు. టెలిస్కోపుకు ఇంతకంటే మంచి చోటు దొరకదు, ఒక్కటి తప్ప. కల్లం అవతల ఇంటి ముందు ఎత్తుగా కట్టిన ఒక బల్బు. పగలు కూడా వెలుగుతోంది.

ఆ ఇల్లు మల్లవ్వది. ఒక్కతే ఉంటుంది. సాయంత్రం ముగ్గురం వెళ్ళి, ఒక్క గంటసేపు ఆ బుగ్గ ఆర్పుతారా అని అడిగాం. ఇక్కడ బల్బును బుగ్గ అంటారు. మల్లవ్వ బీడీల చాట పక్కకు జరిపి మమ్మల్ని కూర్చోమంది.

"ఏమనుకోకు టీచరమ్మా. నా కొడుకు మస్కటు పోయిననాడు పొద్దుగాల్ల చీకట్ల బస్సెక్కిండు. గప్పుడు వాడు ఏసిన బుగ్గ. వాడే అచ్చి వాని చేత్తోని బందు జెయ్యాలె."

"కరెంటు పోతె ఆరుతలేదా అత్తా?" అంది రజిత.

"కరెంటు పోతె గది నా చేతుల లేదు. నా చేత్తోని నేనే ఆరుపుతే నా పానం ఆగమైతది."

రజిత ఇంకేదో అనబోతుంటే నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. నాలుగేళ్ళుగా ట్యూబులైటు ఆర్పనిదాన్ని, మల్లవ్వతో ఏ ముఖం పెట్టుకుని వాదించను? సహస్ర మాత్రం బుగ్గ వైపు, మల్లవ్వ వైపు మార్చి మార్చి చూసింది.

చలి మొదలైంది. సహస్రకు తెల్ల స్వెటరు వేశాను. పొద్దు పూర్తిగా పోయాక రజిత దక్షిణాన ఒక నక్షత్రం పట్టుకుని, అక్కడి నుంచి కిందికి దిగుతూ గొట్టాన్ని నిలిపింది. మల్లవ్వ బుగ్గ వెలుగు కల్లం సగం దాకా వస్తోంది. నేను నల్లగుడ్డ ముసుగేసుకుని కన్ను ఆనించాను.

ఏమీ లేదు. బూడిదరంగు గుండ్రం, అందులో నాలుగైదు చుక్కలు.

"గుచ్చి గుచ్చి చూడకే" అంది రజిత. "నేరుగ జూస్తె కనవడది. కొంచెం పక్కకు జూడు. కంటి కొసకు మసక వెలుగు మంచిగ తెలుస్తది."

పక్కకు చూద్దామంటే సహస్ర గుర్తొచ్చింది. ముసుగు తీసి చూశాను. పరదా అంచున మేకపిల్లతో ఉంది. మళ్ళీ ముసుగు. మళ్ళీ తీశాను. తీసినప్పుడల్లా మల్లవ్వ బుగ్గ కంట్లో కొట్టి, చీకటికి అలవాటు పడ్డదంతా పోతోంది.

"ఏందే గిది, నువ్వు ఆకాశం జూస్తున్నవా, కోళ్ళగంప జూస్తున్నవా?"

అప్పుడు లత ఇచ్చిన పీలిక గుర్తొచ్చింది. ఒక కొస నా కాలి బొటనవేలికి కట్టుకున్నాను, రెండోది సహస్ర మణికట్టుకు. "ఇక్కడే ఆడుకో. నేను లాగితే నువ్వూ లాగు" అన్నాను. అది తలూపింది. ముసుగు వేసుకున్నాను. కొంచెంసేపు చూసి కాలు కదిపాను. అటు నుంచి చిన్న గుంజు వచ్చింది. మనసు కుదుటపడింది. మళ్ళీ కదిపాను, మళ్ళీ గుంజు. నాలుగేళ్ళలో మొదటిసారి, దాన్ని చూడకుండా అంతసేపు ఉన్నాను.

అంతలో ఆ బూడిదరంగు గుండ్రం ఒక్కసారిగా నల్లబడింది. ముసుగు అంచుల్లోంచి వస్తున్న వెలుగు ఆగిపోయింది. కరెంటు పోయిందేమో అనుకున్నాను. కాలు కదిపాను, గుంజు వచ్చింది. సరే, అక్కడే ఉంది. రజిత చెప్పినట్టు కన్ను పక్కనున్న నక్షత్రం మీద పెట్టాను.

కనిపించింది. చుక్క కాదు, గీత కాదు. అద్దం మీద ఊదిన ఊపిరిలాంటి పొడుగాటి మరక, నడుమ కొంచెం లావు. లత చెప్పిన కండె. నేరుగా చూడగానే మాయమైంది. పక్కకు చూపు తిప్పగానే వచ్చి నిలబడింది. ఫోటోలోని రంగులు లేవు, చేతులు లేవు. అంత సన్నటి వెలుగులో, ఆ దుమ్ము లోపల, ఎవరి కాపలా లేకుండా నక్షత్రాలు పుడుతున్నాయి.

"సహస్రా, రా! చూద్దువుగాని!" అని పీలిక లాగాను.

"మ్మే" అంటూ తెల్ల మచ్చ మేకపిల్ల వచ్చి నా కాలికి తగిలింది. పీలిక దాని మెడకు కట్టి ఉంది.

ముసుగు విసిరేశాను. చుట్టూ కటిక చీకటి. మల్లవ్వ బుగ్గ లేదు. ఊళ్ళో దూరంగా ఇళ్ళ దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, కరెంటు పోలేదు. "సహస్రా!" అని అరిచాను.

"అమ్మా! నేను ఇక్కడున్నా, మల్లవ్వ దగ్గర!"

"కదలకు, వస్తున్నా!"

"నువ్వు రాకమ్మా! ముందు చూసుకో! చూసేదాకే ఆర్పుతానంది!"

రజిత నా భుజం పట్టుకుంది. "పోకే. అది పొయ్యేటప్పుడు నేను చూసిన. నీకు చెప్పద్దన్నది." తర్వాత గొంతెత్తి, "మీ అమ్మ చూసింది బిడ్డా! ఇగ నీ వంతు, రా!" అంది.

చీకట్లోంచి మల్లవ్వ గొంతు వినిపించింది. "బుగ్గ ఎయ్యాల్నా బిడ్డా? తొవ్వ కనవడద్దా?"

వెళ్ళేటప్పుడు సహస్ర వెలుగు వైపు నడిచింది. ఇప్పుడు చీకట్లోకి నడవాలి. నా చేతిలో టార్చి ఉంది. వేయలేదు.

"వద్దవ్వా. వేస్తే అందరి కళ్ళూ మళ్ళీ పాడవుతాయి."

అడుగుల చప్పుడు. పరదా మీద ఒకటి, వడ్లలో రెండు. ఆ చప్పుడు వైపే కళ్ళు పెట్టి చూశాను, నల్లగా తప్ప ఏమీ లేదు. అప్పుడు చూపు పక్కకు, వడ్లకుప్ప మీదికి మళ్ళించాను. కంటి కొసకు తెల్ల స్వెటరు మసకగా కనిపించింది. ఊగుతూ, ఆగుతూ, మళ్ళీ కదులుతూ వస్తోంది. దాన్ని నేరుగా చూడాలనిపించినప్పుడల్లా కుప్పనే చూశాను. వచ్చి నా నడుముకు గుద్దుకుంది. గుండె టపటపా కొట్టుకుంటోంది, దానిదో నాదో.

దాన్ని రజితకు అప్పగించాను. అప్పుడు తట్టింది, అటు మల్లవ్వ ఒక్కతే చీకట్లో ఉంది కదా అని. వడ్ల మధ్యనుంచి తడుముకుంటూ వెళ్ళి ఆమె అరుగు మీద కూర్చున్నాను. చేయి చాపితే ఆమె చేయే దొరికింది. చల్లగా, బీడీ ఆకు వాసనతో.

"నీ బిడ్డ ఏమన్నదో ఎరుకేనా? అవ్వా, నాక్కూడా చీకటంటే భయమే, నీ చెయ్యి పట్టుకుంటా, ఇద్దరం కలిసి ఆర్పుదాం అన్నది. గా బటను మీద నా ఏలు, నా ఏలు మీద దాని ఏలు." వెంటనే అడిగింది. "ఏం కనవడ్డదమ్మా నీకు?"

"పొగ మరకలాంటిది. అక్కడ కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. ఆ వెలుగు అక్కడ బయలుదేరి కోటి ఏళ్ళ పైనే అయింది. ఇప్పుడు మన దగ్గరికొచ్చింది."

"కోటేండ్లా! గంత దూరంకెళ్ళి అచ్చిందా?" మల్లవ్వ నిట్టూర్చి, తర్వాత మెల్లగా నవ్వింది. "గట్లయితె మస్కటే నయం."

కల్లం అవతల నుంచి సహస్ర కేక. "అమ్మా, కనిపించింది! పక్కకు చూస్తే కనిపించింది! దుకాణం తాతయ్య వంతు కూడా చూస్తున్నా!"

నేను లేవలేదు. మల్లవ్వ చేయి పట్టుకుని అక్కడే కూర్చున్నాను. చివరికి ఆమె లేచి బుగ్గ వేసినప్పుడు మేమందరం కళ్ళు చికిలించుకుని ఒకరినొకరు చూసుకున్నాం, దారి తప్పి బంధువులింటికి చేరినవాళ్ళలా.

అన్నాలయ్యాక సహస్రను అడిగాను. "పీలిక మేకపిల్లకు ఎందుకు కట్టావే?"

"నువ్వు లాగినప్పుడు అటువైపు ఎవరూ లేకపోతే భయపడతావుగా" అంది.

జగిత్యాల

తిరుగు బస్సు కోసం మర్నాడు జగిత్యాల చేరాం. బస్టాండు బయట ఉడకబెట్టిన మక్క గుడాలు, పైన ఉల్లిపాయ, కారం. పొట్లం ఇరవై. అమ్మే ఆవిడ సహస్ర చేతికి అంటిన వడ్ల పొట్టు చూసి, "ఏ ఊరికెళ్ళి అస్తున్నరు?" అంది. "గెలాక్సీ నుంచి" అని చెప్పింది మా అమ్మాయి. "గదేడుంది, మెట్‌పల్లి అవుతలనా?" అని ఆవిడ నమ్మకంగా అడిగింది. సహస్ర దక్షిణం వైపు చేయి చూపింది. మెట్‌పల్లి అటు కాదని ఆవిడ, అటేనని ఇది, బస్సు వచ్చేదాకా వాదించుకున్నారు.

ఆ పీలిక మేకపిల్ల మెడకే ఉండిపోయింది. రజిత ఫోను చేసి, ముడి విప్పబోతే దాని అరుపు చూడాలని చెప్పింది. మల్లవ్వ బుగ్గ ఎప్పటిలాగే వెలుగుతోందట. మీరు ఎప్పుడైనా అటు వెళ్ళి అమావాస్య నాడు ఆకాశం చూడాలనుకుంటే, నల్లగుడ్డ తీసుకెళ్ళండి, ఎర్ర కాగితం తీసుకెళ్ళండి. బుగ్గ ఆర్పమని అడిగేముందు మల్లవ్వ పక్కన కూర్చోడానికి ఒక మనిషిని కూడా తీసుకెళ్ళండి.

ఇంటికొచ్చిన మొదటి రెండు రోజులూ మా ట్యూబులైటు వెలుగుతూనే ఉంది. ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. ఇవాళ నేనే ఎత్తాను. సహస్ర ఆలోచించి సరేనంది. మా ఆయన తువ్వాలు వెతుక్కోబోయి, అవసరం లేదని గుర్తొచ్చి నవ్వాడు.

ఇప్పుడు వంటింట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. ఇల్లంతా పడుకుంది. గది తలుపు తెరిచే ఉంది, లోపల చీకటి. రాస్తూ రెండుసార్లు లేచి వెళ్ళి చూశాను, మూడోసారి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. నిద్రపోయేముందు సహస్ర నాకు ఒక మాట చెప్పి పడుకుంది.

"భయమేస్తే నన్ను లేపమ్మా. వచ్చి నీ దగ్గర కూర్చుంటా."